ఆటో దిగేచోట దాదీ

దాదీ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను విశాఖపట్నంలో ఉన్నాను. నేను పనిచేసే మందుల కంపెనీ క్యాంటీన్‌లో పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాను. "దాదీ లేదురా. పొద్దున టీ ఇద్దామని లేపితే లేవలా" అంది అమ్మ. నేను "ఊఁ" అన్నాను. వెంటనే, "ఊఁ అనబాకరా, నాకు భయమేస్తది. ఏదన్నా మాట్లాడు" అంది. వెనకాయన ముందుకు జరగమన్నాడు, జరిగాను. అన్నం పెట్టించుకుని, ఫ్యాను కింద కాసేపు కూర్చుని, ఆ పళ్ళెం అలాగే తీసుకెళ్ళి కడిగేచోట పెట్టేశాను.

దాదీ నాకు రక్తసంబంధం కాదు, మా పక్కింటి ముసలావిడ. మాది మాచర్లకు ఇవతల, రోడ్డు దిగి చేలల్లోంచి కాస్త లోపలికి వెళ్తే వచ్చే సుగాలి తాండా. లంబాడీలంటే కొందరికి బాగా తెలుస్తుంది. బయట తెలుగు మాట్లాడతాం, ఇంట్లో మా గోర్ బోలి మాట్లాడుకుంటాం. మా బోలీలో నాయనమ్మను దాదీ అంటారు. మా సొంత నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది కాబట్టి ఆ మాట మొత్తం ఈవిడకే దక్కింది. తాండాలో పిల్లలందరికీ ఆవిడే దాదీ, ఆవిడ భర్తే దాదా.

సెలవు అడిగితే మా సూపర్‌వైజర్, "ఏమవుతారు నీకు?" అన్నాడు. "పక్కింటావిడ సార్" అన్నాను. ఆయన నా ముఖం వైపు చూసి, "పక్కింటావిడకు నాలుగురోజులా? వారం చివర్లో చూసుకో తమ్ముడూ, లైన్‌లో మనుషుల్లేరు" అన్నాడు. చెడ్డవాడేం కాదు. ఆయన రాసుకునే కాగితంలో తల్లి, తండ్రి, అత్త, మామ దాకానే ఉంది. పక్కిల్లు లేదు. ఆ విధంగా దాదీ చితి నాకు దక్కలేదు.

ఒకప్పుడు ఎవరూ చావకుండానే నాకు చావు సెలవు ఇచ్చారు. అదీ దాదీ పుణ్యమే. ఆ సంగతి నలుగురికీ చెప్పాలని చాలాకాలంగా ఉంది. ఆవిడ ఉండగా చెప్పాల్సింది. రాయడానికి కూర్చోలేదు.

ముందు మా ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా ఆడవాళ్ళు చాలాకాలానికి కలుసుకుంటే నవ్వుతూ పలకరించుకోరు. ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి ఏడుస్తారు. ఊరికే ఏడవడం కాదు, రాగం తీసి ఏడుస్తారు. కిందటిసారి విడిపోయిన దగ్గర్నుంచి ఏం జరిగిందో అంతా ఆ రాగంలోనే చెప్పుకుంటారు. ఆవు ఈనింది, అన్న తాగుడు మానలేదు, మిరప తోటకు తెగులు పట్టింది, నడుము నొప్పి. ఒకామె చెబుతుంది, రెండో ఆమె వింటూ మధ్యమధ్య ఒక మాట అందుకుంటుంది. ఆ తర్వాత రెండో ఆమె వంతు. అంతా అయ్యాక ముక్కు చీది, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏం కూర వండావే?" అని మామూలుగా మొదలుపెడతారు. చూసేవాళ్ళకు కొంప మునిగిందనిపిస్తుంది. మాకు అది నమస్కారం లాంటిది.

ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం బస్తాలు వేసుకుని ఊళ్ళు తిరిగిన రోజుల్లో పుట్టిన అలవాటు అని దాదీ చెప్పేది. ఈ ఏడు కలిసిన మనిషి మళ్ళీ ఏటికి ఉంటుందో లేదో తెలియదు. అందుకే కలిసినప్పుడే కడుపులోది కక్కేసేవాళ్ళు. వినే మనిషి మధ్యలో అందుకునే మాట కూడా అప్పటిదే. సాయంత్రం బిడారు ఆగినచోట ఎద్దుల మీద బరువు దింపేవాళ్ళట. అందుకని వినేవాళ్ళు, "దించు బేటా, ఇక్కడ దించు" అని పాడతారు. బేటా అంటే బిడ్డ. తెలుగులో రాస్తే ఆ రాగం పోతుంది. ఏం చెయ్యను, నాకు వచ్చినంతే.

ఇది ఆడవాళ్ళ వ్యవహారం. మగవాళ్ళు అరుగు మీద కూర్చుని బీడీ తాగుతూ అయ్యేదాకా ఎదురుచూస్తారు. దాదా అయితే విసుక్కునేవాడు కూడా. "ఏడుపులు అయినయ్యా? ఇంక బువ్వ పెడతారా?" అనేవాడు.

దాదీ మాత్రం ఆడా మగా చూసేది కాదు. తాండా మొదట్లో ఆటో దిగేచోట ఒక సిమెంటు తూము ఉంది. కాలవ పనులకు తెచ్చి మిగిలిపోయింది. సెలవలకు హాస్టళ్ళ నుంచి పిల్లలు వస్తారని తెలిస్తే చాలు, దాదీ ఆ తూము మీద కూర్చునేది. తాండాలో అద్దాల రవిక మానేయని చివరి మనిషి ఆవిడే. చేతుల నిండా తెల్లగాజులు, తల మీద ముసుగు. ఆటో ఆగీ ఆగకముందే లేచి, దిగినవాణ్ణి దిగినట్టు పట్టుకుని రాగం ఎత్తుకునేది. జీన్స్ ప్యాంట్లు వేసుకుని, జుట్టు పైకి దువ్వుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని దిగిన పోరగాళ్ళు ఆ పట్టులో గిలగిల్లాడేవాళ్ళు. ఆటో డ్రైవరు నవ్వేవాడు. విడిపించుకునేసరికి ఆ రవిక అద్దాలు ఒత్తుకుని చెంప మీద గుండ్రటి గుర్తులు పడేవి. ఇంటికెళ్ళేదాకా పోయేవి కావు. "దాదీకి దొరికావురోయ్!" అని వీధంతా ఎగతాళి.

అందుకని బడి హాస్టల్లో ఉండగానే మేమొక దారి కనిపెట్టాం. ఆటోను ముందే, కల్వర్టు దగ్గర ఆపించి, పత్తిచేల గట్టు మీదుగా వెనకనుంచి తాండాలోకి వచ్చేవాళ్ళం. దాదీ తూము మీద అలాగే కూర్చుని ఉండేది. తర్వాత మా గుమ్మంలోకి వచ్చి, "దొంగసచ్చినోళ్ళారా, ఎనకదారిన వచ్చారా?" అని తిట్టి వెళ్ళిపోయేది. నవ్వేవాళ్ళం. ఆ దారికి మా స్నేహితుడొకడు దొంగదారి అని పేరు పెట్టాడు.

ఆ స్నేహితుడి గురించి కొంచెమే చెబుతాను, ఎక్కువ చెప్పలేను. నా ఈడువాడే, చదువులో ఒక ఏడు ముందు. గుంటూరు వైపు ఒక కాలేజీ హాస్టల్లో ఇంటర్ చదివేవాడు. పదో తరగతి దాకా తాండాలో వాడి నోరు మూతపడేది కాదు. ఆ ఏడు పండగకూ కాదు, సెలవలకూ కాదు, మామూలు రోజున ఇంటికొచ్చాడు. దొంగదారినే వచ్చాడు. దాదీ మిరప చేలో ఉంది. గట్టు మీద పోతున్నవాణ్ణి చూసింది. పిలుద్దామనుకుని, సంచి సగమే నిండింది కదా, సాయంత్రం పోయి పట్టుకుందాంలే అనుకుంది. సాయంత్రానికి వాడు లేడు. తన ప్రాణం తానే తీసుకున్నాడు.

ఎందుకని అందరూ అందర్నీ అడిగారు. మార్కులన్నారు, ప్రేమన్నారు, గాలి సోకిందన్నారు. దాదీ ఒక్కతే ఏమీ అనలేదు. కొన్నాళ్ళు ఎవరింటికీ వెళ్ళలేదు. ఆ తర్వాత నాకు చెప్పింది. "చూశానురా. నడకలోనే తెలిసింది. కాయలు యాడికి పోతయ్? రేపు కోసేదాన్ని." అంతే అంది.

వాడు పోయిన ఏడే నన్ను నరసరావుపేటలో ఒక కాలేజీ హాస్టల్లో వేశారు. తాండాలోంచి నేనొక్కణ్ణే. వెళ్ళిన కొత్తలో రోజూ అమ్మతో ఫోన్లో మా బోలీలో మాట్లాడేవాణ్ణి. పక్క మంచాల వాళ్ళు చుట్టూ చేరి, ఆ మాటల్ని వెక్కిరిస్తూ పలికేవాళ్ళు. గురజాల దగ్గర్నుంచి వచ్చిన ఒక మోతుబరి రైతు కొడుకు అందులో మొనగాడు. "అదేం బాసరా నాయనా, నోట్లో గోలీలు పోసుకున్నట్టు!" అనేవాడు. పగబట్టి అన్నది కాదు, తోచక అన్నది. నాకు మాత్రం తగిలింది. అమ్మతో తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టాను. అమ్మతో తెలుగులో ఏం మాట్లాడతాం? "ఊఁ. తిన్నా. బానే ఉన్నా. ఊఁ." అలా అలా "ఊఁ" ఒక్కటే మిగిలింది. తర్వాత క్లాసులోనూ అదే. ఇంకొన్నాళ్ళకు నాలో నేను మాట్లాడుకునే మాటలు కూడా ఆగిపోయాయి.

ఆ రోజులు ఎలా ఉండేవో చెప్పమంటే నాకు చేతకాదు. దుఃఖం కాదు. దుఃఖమైతే బాగుండేది, ఏదో ఒకటి ఉన్నట్టుండేది. మెస్‌లో నలుగురి మధ్య కూర్చుంటే గాజు పలక వెనక కూర్చున్నట్టుండేది. అన్నం సయించేది కాదు. పోయిన స్నేహితుడు మాటిమాటికీ గుర్తొచ్చేవాడు. వాణ్ణి తలచుకుంటే జాలి పోయి, వాడికి పని అయిపోయిందిలే అనిపించడం మొదలైంది. అక్కడిదాకా వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నాకు ఏ భాషా మిగల్లేదు.

అమ్మ దాదీతో, "వాడు ఫోన్లో ఊఁ తప్ప అనట్లేదు పెద్దమ్మా, చదువు మీద పడ్డట్టున్నాడు" అందట. దాదీ చేతిలో పని అక్కడే వదిలేసిందట. "ఊఁ అన్నోణ్ణి నమ్మబాకే!" అని, రొట్టెలు మూటగట్టుకుని మర్నాడు తొలి ఆటో ఎక్కింది. బస్సు బోర్డు చదవడం రాదు. నరసరావుపేట ఎప్పుడూ చూడలేదు. కారంపూడిలో బస్సు మారి, దారి అడుగుతూ అడుగుతూ హాస్టల్‌కు వచ్చేసింది.

ఆదివారం కాదు కాబట్టి వాచ్‌మెన్ గేటు దగ్గర ఆపాడు. మేము మధ్యాహ్నం అన్నానికి వరండాలో వరసలో ఉన్నాం. గేటు సందులోంచి నన్ను చూసింది. వాచ్‌మెన్ చేతికింద నుంచి దూరి, గ్రౌండ్ అడ్డంగా దాటి వచ్చి, వరసలోంచి నన్ను లాగి, భుజం మీద తల వేసుకుని రాగం ఎత్తుకుంది. ఎలాంటి గొంతనుకున్నారు! చేలో ఆ చివర ఉన్న మనిషిని ఈ చివర నుంచి పిలిచే గొంతు. మూడంతస్తుల హాస్టల్ ఉలిక్కిపడింది. పైనుంచి పిల్లలు మెట్లు దిగి పరుగెత్తుకొచ్చారు.

నేను సిగ్గుతో చచ్చిపోవాలి. కానీ చాలా రోజుల తర్వాత నా బోలీ నా చెవిలో పడింది. "వచ్చానురా బేటా, నీ దాదీ వచ్చింది. గొడ్డు ఈనింది, పెయ్యదూడ. మీ అమ్మ నీ మంచం ఎత్తలేదు, అక్కడే ఉంచింది. నువ్వు ఏం మోస్తున్నావురా, ఎంత బరువురా, దించు బేటా, ఇక్కడ దించు." నా గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. రాగమూ కాదు, మాటా కాదు. గొడ్డు అరిచినట్టుంది. అది వచ్చాక ఇంక ఆగలేదు.

ఇక్కడే వాళ్ళు పొరపడ్డారు. ఎవరైనా పొరపడతారు. వార్డెన్ సార్ పరుగున వచ్చి, ముసలావిడ ఏడుపు చూసి, నా ఏడుపు చూసి, మా నాన్న పోయాడనుకున్నారు. నా వీపు మీద చెయ్యి వేసి, "ధైర్యంగా ఉండాలి నాయనా. పెద్దకొడుకువి, అమ్మను నువ్వే చూసుకోవాలి" అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఆయనను చూసి నా గది వాళ్ళు ఏడ్చారు. వాళ్ళను చూసి పక్కగది వాళ్ళు. గురజాల వాడు నా బట్టలు మడిచి బ్యాగులో పెడుతూ ఎక్కిళ్ళు పెట్టాడు. "సారీరా" అన్నాడు. దేనికో నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఎవరూ పోలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పది రోజులు సెలవు రాసిచ్చి, వార్డెన్ సార్ స్వయంగా బైకు మీద బస్టాండు దాకా తెచ్చి మమ్మల్ని మాచర్ల బస్సు ఎక్కించారు.

దాదీకి తెలుగు తెలుసుగానీ, ఆ హడావుడిలో ఎవరు ఏమంటున్నారో పట్టించుకోలేదు. బస్సు పట్నం దాటాక, రొట్టె తుంచి నా నోట్లో పెడుతూ, "మీ హాస్టలోళ్ళు చానా మంచోళ్ళురా. పిలవకుండానే ఏడ్చారు" అంది. నాకు నవ్వొచ్చింది. ఎన్ని నెలలకో వచ్చిన నవ్వు, రొట్టె గొంతుకు అడ్డం పడింది. ఆవిడ వీపు మీద చరుస్తూ, "మెల్లిగా తిను, ఎవుడూ లాక్కోడు" అంటూనే ఉంది. నేను నవ్వుతూనే ఉన్నాను. ఎందుకో తెలియక తనూ నవ్వింది.

ఇంటికెళ్ళాక ఎవరూ నన్ను ఏమైందని అడగలేదు. దాదీ అడగనివ్వలేదు. "బాగున్నావా అంటే బాగున్నా అనే చెప్తారు. అడక్కూడదు, పట్టుకోవాల" అనేది. రోజూ సాయంత్రం అరుగు మీద నా పక్కన కూర్చుని తన సంగతులు రాగంలో చెప్పేది. నా వంతు వస్తే ఆగేది. నేను ఏమీ అనకపోతే తనే మళ్ళీ అందుకునేది. కొన్నాళ్ళకు నేనూ అందుకున్నాను. దాదా బీడీ పారేసి, "మగపిల్లోడికి ఆడోళ్ళ ఏడుపు నేర్పుతున్నావేందే? రేపు ఈణ్ణి చూసి తాండా నవ్వద్ది" అన్నాడు. దాదీ తలైనా తిప్పకుండా, "నవ్వనీ. నవ్వటానికన్నా పిల్లోడు ఉండాల గదా" అంది. ఆయన లేచి గొడ్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ ఏడుపుతోనే అంతా నయమైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. నిద్ర పట్టడం లేదని ఆవిడకు చెప్పింది నేనే. మా నాన్నను వెంటబెట్టుకుని నన్ను గుంటూరు డాక్టరు దగ్గరికి పంపించింది ఆవిడే. "ఏడ్చి దించేది కొంత ఉంటది. మందుతో దిగేది కొంత ఉంటది. రెండూ దించాల" అంది. ఏడాది పైన మందులు వాడాను. ఎప్పుడు వేసుకోవాలో ఆవిడకు గుర్తుండేది, నాకు ఉండేది కాదు. హాస్టల్లో ఉంటే అమ్మ ఫోన్లోంచి, ఇంట్లో ఉంటే గోడ అవతల నుంచి, "మింగావా?" అని కేకేసేది.

సెలవు అయ్యేలోపే ఒక తమాషా జరిగింది. నేనెప్పుడు రావాలో అడుగుదామని మా నాన్న హాస్టల్‌కు ఫోన్ చేశాడు. పిల్లాడి తండ్రిని మాట్లాడుతున్నానని చెప్పేసరికి వార్డెన్ సార్, "ఎవరూ?" అని మళ్ళీ మళ్ళీ అడిగారట. నేను తిరిగి వెళ్ళగానే గదిలోకి పిలిచారు. తలుపు వేసి, "మరి ఎవరు పోయార్రా?" అన్నారు. "ఎవరూ పోలేదు సార్" అన్నాను. తర్వాత అంతా చెప్పాను. మా ఆచారం, నా స్నేహితుడు, నా ఊఁలు, అన్నీ. తిడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, బల్ల మీద పెట్టి, "ఆ అవ్వ మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని అడిగారు.

వచ్చింది. నేను అక్కడున్నన్నాళ్ళూ నెలకోసారి వచ్చేది. వాచ్‌మెన్ గేటు తీసి పెట్టేవాడు. మొదట నన్ను పట్టుకునేది, ఆ తర్వాత చుట్టూ చూసేది. ఒకసారి గురజాల వాడు ఊరికే అటుగా వచ్చినట్టు వచ్చి పక్కన నిలబడ్డాడు. వాడికి మా బోలీలో ఒక్క ముక్క తెలియదు. దాదీ వాణ్ణి కూడా లాగి భుజానికేసుకుంది. వాడు తెలుగులో ఏం చెప్పుకున్నాడో నేను వినలేదు, దూరంగా జరిగాను. వాడు తిరిగి వస్తుంటే చెంప మీద అద్దాల గుర్తులున్నాయి. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు.

ఉద్యోగానికి విశాఖ వచ్చాక ఫోన్ చేసేవాణ్ణి. "ఫోన్‌కు భుజం లేదురా, రా" అనేది. వస్తా వస్తా అని ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. తూము మీద ఉండేది. చివరిసారి లేవడానికి ఇబ్బందిపడింది, నేనే వంగాను. అప్పటికి తాండాలో రాగం తెలిసిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయారు. మా అమ్మ వయసు వాళ్ళకు సిగ్గు. ఆడపిల్లలకు బోలీయే సరిగ్గా రాదు. "నేను పోతే నన్నెవరు ఏడుస్తార్రా? టీవీలో మాదిరి గుడ్లు తుడుచుకుంటారు, అంతేగా?" అంది. ఆవిడ నవ్వుతూ అంది కాబట్టి నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుచ్చుకుంటోంది.

నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. మూడోనాటి రొట్టెలు నలిపి, బెల్లం నెయ్యి కలిపి పంచడం కూడా అయింది. మిరప కోతల రోజులు. కల్లాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, ఆ ఘాటుకు ఆటోలో అందరం దగ్గాం. ఆటో తూము దగ్గర ఆగింది. దిగాను. అలవాటుకొద్దీ కాసేపు అక్కడే నిలబడ్డాను. ఎవరూ రాలేదు. డ్రైవరు, "ఇంకా ఎవరన్నా రావాలా అన్నా?" అన్నాడు. లేదన్నాను. ఊళ్ళోకి నడుస్తుంటే నా చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అమ్మ నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. దాదీ అన్నట్టే, గుడ్లు తుడుచుకోవడమే. రాగం ఎవరూ తియ్యలేదని, తియ్యడం ఎవరికీ రాలేదని చెప్పింది. ఎవరో ఫోన్లో ఏదో భజన పెట్టారట. "దాదా చుక్క నీళ్ళు కార్చలా. బువ్వ తినడు, పలకడు. ఏమడిగినా ఊఁ అంటన్నాడు" అంది. ఆ మాట వినగానే నేను చెప్పులైనా విప్పకుండా పక్కింట్లోకి వెళ్ళాను.

దాదా నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దండెం ఖాళీగా ఉంది. దాదీ బట్టలన్నీ దాదీతోపాటే పంపేశారని అమ్మ చెప్పింది. "దాదా" అన్నాను. "ఊఁ" అన్నాడు. మళ్ళీ పిలిస్తే మెల్లిగా ఇటు తిరిగి లేచి కూర్చున్నాడు. ఆయన చెంప మీద గుండ్రటి గుర్తులున్నాయి. వరసగా, ఒత్తుకుపోయి, ఎర్రగా. తలకింద చూశాను. మడిచిన అద్దాల రవిక.

నాకింక ఏమీ ఆలోచన లేదు. పక్కన కూర్చుని ఆయన తల నా భుజానికి వేసుకుని రాగం ఎత్తుకున్నాను. నా గొంతు ఏమంత మంచిది కాదు. వాకిట్లో మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మగవాడు ఆ రాగం తియ్యడం వాళ్ళెవరూ చూసి ఉండరు. సిగ్గేసింది, అయినా ఆపలేదు. సెలవు దొరకలేదు దాదా, పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను, ఆఖరిచూపు దక్కలేదు, తూము మీద ఎవరూ లేరు. చెప్పుకుంటూ పోయాను. ఆయన ఒళ్ళు కర్రలా బిగుసుకుని ఉంది. ఉన్నట్టుండి ఆయన అందుకున్నాడు. ఆడవాళ్ళ ఏడుపని విసుక్కుంటూ అరుగు మీద కూర్చున్న మనిషి ఇన్నేళ్ళూ అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. పొద్దున టీకి లేపానని, లేవలేదని, చెయ్యి చల్లగా ఉందని, తిడుతుందేమోనని మళ్ళీ లేపానని చెప్పాడు.

అప్పుడు ఆగాల్సి వచ్చింది. వినేవాళ్ళు అందుకునే చోటు అది. అక్కడ ఎప్పుడూ దాదీ అందుకునేది. మేమిద్దరం చెప్పుకునేవాళ్ళమే, వినే మనిషి లేదు. ఇద్దరం గుమ్మం వైపు చూశాం. గుమ్మంలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరికీ ఆ మాట రాలేదు. ఇక ఎవరూ అనరని అర్థమయ్యాక నేనే అన్నాను. "దించు దాదా, ఇక్కడ దించు."

ఆయన తల ఎత్తి నా వైపు కోపంగా చూశాడు. "అది అట్టా అనదు. రాగం తప్పింది" అన్నాడు. కాసేపు ముక్కు చీదుకున్నాడు. "మళ్ళీ అను" అన్నాడు.

మళ్ళీ అన్నాను. ఆయన మళ్ళీ సరిచేశాడు. అలా ఎంతసేపో. మధ్యలో అమ్మ రొట్టె తెచ్చి ఆయన చేతిలో పెడితే, ఏమిటని చూడకుండానే తిన్నాడు.

మర్నాడు ఆదివారం. సాయంత్రం రైలు అందుకోవాలని పొద్దున్నే బయల్దేరాను. దాదా కర్ర పట్టుకుని తూము దాకా వచ్చాడు. సాగనంపడానికి అనుకున్నాను. వచ్చిన ఆటోలోంచి ఒక పిల్ల దిగింది. మా తాండా పిల్లే, గురజాల హాస్టల్లో ఇంటర్ చదువుతోంది. ఆదివారం ఇంటికి పంపినట్టున్నారు. దొంగదారి మాకులాగే ఆమెకూ తెలుసు. ఈసారి ఆ అవసరం లేదని తెలిసే కాబోలు, నేరుగా ఇక్కడ దిగింది. బ్యాగు భుజానికి తగిలించుకుని తూము వైపు చూసింది. దాదా తూము పక్కన నిలబడి ఉన్నాడు. నేను ఆటో ఎక్కి కూర్చున్నాను.

దారి ఖాళీగానే ఉంది. ఆ పిల్ల ఎవరూ ఆపకుండా ఇంటికి పోవచ్చు. పోలేదు. అక్కడే నిలబడి ఉంది. దాదా కర్రను తూముకు ఆనించాడు. రెండు చేతులూ కొంచెం పైకి లేపాడు, అంతవరకు ఎప్పుడూ చెయ్యని పని కాబట్టి ఎంతవరకు లేపాలో తెలియక సగంలో ఆపేశాడు. ఆ పిల్ల ఆ చేతుల్నే చూస్తోంది. ఆటో కల్వర్టు దగ్గర మలుపు తిరిగేదాకా నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ఆ చేతులు అలాగే ఉన్నాయి.